షిక్వా తర్వాత

ముస్లింవాద సాహిత్యం మీద మొదట్నుంచీ వొక నింద వుంది. ఎప్పుడూ ఫిర్యాదేనా, ఎప్పుడూ ఏడుపేనా అని. ఈ మాట అనేవాళ్లలో రెండు రకాలున్నారు. మనం నోరు తెరవడమే ఇష్టంలేని వాళ్లు వొక రకం. 1992 డిసెంబర్ 6 తర్వాత కూడా ఈ దేశంలో ముస్లిం తన బాధ చెప్పుకోకూడదనుకునేవాడికి ఏ జవాబు చెప్పినా సరిపోదు కాబట్టి వాళ్లతో నాకు పేచీ లేదు. రెండో రకం వాళ్లు మనవాళ్లే. మన మొహల్లాల్లో వుండేవాళ్లు. మన కవిత్వం చదవనివాళ్లు, చదివే తీరిక లేనివాళ్లు. "రాశారు సరే భాయ్, ఏం మారింది?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకి మనం ఇంతవరకూ తిన్నగా జవాబు చెప్పలేదు. ప్రశ్నే తప్పని కొందరం, అడిగేవాడికి చైతన్యం లేదని కొందరం తప్పుకున్నాం.

ముందుగా వొక సంగతి తేల్చుకోవాలి. ఫిర్యాదు చిన్న విషయం కాదు. ఫిర్యాదు చెయ్యాలంటే తనకొక హక్కుందని, అది పోయిందని, దానికి జవాబు చెప్పాల్సినవాడు వొకడున్నాడని మనిషి నమ్మాలి. హక్కు లేదనుకున్నవాడు బతిమాలుకుంటాడు. తెలుగు సాహిత్యంలో ముస్లిం చాలాకాలం జట్కా తోలే సాయిబుగానో, వచ్చీరాని తెలుగుతో నవ్వించే సాయిబుగానో, కత్తి పట్టిన రజాకారుగానో కనిపించాడు తప్ప 'నేను' అంటూ మాట్లాడిన సందర్భాలు తక్కువ. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' ఆ లెక్క మార్చింది. 1998లో స్కైబాబ తెచ్చిన 'జల్‌జలా' ఆ గొంతు పక్కన ఇంకా చాలా గొంతుల్ని నిలబెట్టింది. 2002లో గుజరాత్ మారణకాండ తర్వాత 'అజాఁ' వచ్చింది. ఇవి లేకపోతే తెలుగులో ముస్లిం అస్తిత్వం అన్న మాటకి అర్థమే వుండేది కాదు. ఫిర్యాదు మన సాహిత్యానికి పునాది. అయితే పునాది వేసినచోటే ముప్పై ఏళ్లు నిలబడిపోతే దాన్ని ఇల్లని ఎవరూ అనరు.

ఇక్బాల్ 'షిక్వా' మనలో చాలామందికి తెలుసు. 1911లో లాహోర్‌లో అంజుమనె హిమాయతె ఇస్లాం సభలో చదివాడు. ఏకంగా అల్లా మీదే ఫిర్యాదు. నీ పేరు నిలబెట్టిన మాకు ఈ గతేమిటని నిలదీయడం. ఉలేమాలకి కోపం వచ్చింది, ఇది కుఫ్ర్ అన్నవాళ్లున్నారు. రెండేళ్లు తిరక్కుండా, 1913లో అదే కవి అదే ఛందస్సులో 'జవాబె షిక్వా' చదివాడు. ఈసారి మాట్లాడేది అల్లా, వినేది ఫిర్యాదు చేసినవాడు. షిక్వాలో 31 బంద్‌లుంటే జవాబులో 36 వున్నాయి. అడిగినదానికన్నా వినాల్సింది ఎక్కువన్నమాట. ముస్లింలలోని ఫిర్కాలు, జాత్‌పాత్ గొడవలు కూడా ఆ జవాబులో వస్తాయి.

నాకు ఆ కవిత మీద పేచీలున్నాయి. గతవైభవం మీద మోజు ఎక్కువ. తిట్టేది మొత్తం కౌమ్‌ని కాబట్టి ఏ వొక్కడికీ తగలదు. అందరూ తల వూపి ఇంటికెళ్లొచ్చు. ఆడవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా లేరు. పైగా అది చదివిన సభ బాల్కన్ యుద్ధంలో దెబ్బతిన్న తుర్కుల కోసం చందాలు పోగుచేసిన సభ. తుర్కుల కోసం ఏడ్చిన ఆ లాహోర్ సందుల్లోనే చదువులేని ఆడపిల్లలు ఎంతమందో ఆ సాయంత్రం ఎవరూ లెక్కపెట్టి వుండరు. దూరాన వున్న వాళ్లకోసం కన్నీళ్లు సులువుగా వస్తాయి. గాజా కోసం కవిత రాసి పక్కింటి హమీదాబీ పింఛను కాగితం ఎక్కడ ఆగిందో కనుక్కోని మనకి ఇది కొత్త సంగతి కాదు. (గాజా కోసం రాయొద్దని కాదు. రాయాలి.) ఎన్ని పేచీలున్నా ఇక్బాల్ దగ్గర వొకటి ఒప్పుకోవాలి. ఫిర్యాదు రాసిన చెయ్యే దాని జవాబు కూడా రాయాలని అతనికి తెలుసు.

మన దగ్గర జవాబు రాసినవాళ్లు లేరా? వున్నారు. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు యాసలో ఇంటి లోపలికి తీసుకెళ్లాయి. షాజహానా 2005లో 'నఖాబ్' తెచ్చినప్పుడు బయటి పెత్తనంతో పాటు ఇంట్లో పెత్తనం మీద కూడా వేలు పెట్టింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలు 2011లో వచ్చాయి. కానీ మనం ఏం చేశాం? షాజహానాని 'స్త్రీవాదం' పెట్టెలో వేశాం. కథకుల్ని 'మాండలికం', 'బాల్యం' పెట్టెల్లో వేశాం. 'ముస్లింవాదం' అని పెద్ద అక్షరాలతో రాసిన పెట్టెలో మాత్రం మగవాళ్ల ఫిర్యాదు కవిత్వాన్ని వుంచుకున్నాం. విమర్శకులు చేసిన ఈ సర్దుబాటు అమాయకమైంది కాదు.

దీనికి భాష కూడా వొక కారణం. మనం తెలుగులో రాస్తాం. తెలుగులో రాసేటప్పుడు ఎదురుగా కూర్చున్న పాఠకుడు ఎక్కువగా హిందువు, మంచివాడైతే సెక్యులర్. అతనితో మాట్లాడేటప్పుడు నోట్లోంచి 'నువ్వు' అనే వస్తుంది. నువ్వు అనుమానించావు, నువ్వు కాల్చావు, నువ్వు చూస్తూ వూరుకున్నావు. అది నిజం కూడా. అయితే 'మనం' అని మొదలుపెట్టాల్సిన వాక్యాలకి పాఠకుడెక్కడ? ఉర్దూ మాత్రమే చదివే మౌల్వీసాబ్ మన పుస్తకం చూడడు. ఏ లిపీ చదవని మా వీధి బోటీకొట్టు గఫూర్ భాయ్ అసలే చూడడు. ఆఖరికి 'మనం' వాక్యం రాస్తే దాన్ని చదివేది కూడా 'నువ్వే'. అక్కడే కలం ఆగిపోతుంది. ఇంటి సంగతి పరాయివాడి ముందు ఎలా?

ఈ భయం ఏం చేస్తుందో చూద్దాం. పుట్టుమచ్చ వచ్చిన ఆ 1991లోనే ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తున్న వొక పదేళ్ల పాపని ఎయిర్ హోస్టెస్ గమనించింది. పక్కన అరవై ఏళ్ల అరబ్బు. పెళ్లయింది, తీసుకెళ్తున్నానన్నాడు. దేశమంతా పత్రికలు రాశాయి. ఆ రాతల్లో ఎంత విషముందో నాకు తెలుసు. పాప కన్నా పాతబస్తీ పరువు తియ్యడం మీదే ఎక్కువమందికి మోజు. ముస్లింలంటేనే ఇంత అని తేల్చేశారు. పేదరికం గురించి రాసినవాళ్లు తక్కువ. ఆ పాప తండ్రి ఆటో నడుపుకునే మనిషి. ఇదంతా నిజం.

కానీ ఆ నికాహ్ గాల్లో జరగలేదు. ఎవరో బ్రోకరు ఆ ఇల్లు చూపించాడు. ఎవరో ఆ నికాహ్ చదివారు. ఎవరో గవాహ్‌లుగా కూర్చున్నారు. ఇరుగుపొరుగు చూశారు. వీళ్లలో హిందూత్వవాది వొక్కడు లేడు. ఆ బ్రోకరుకి, ఆ నికాహ్ చదివినవాడికి ఎదురుగా నిలబడి 'నువ్వు' అనాల్సిన బాధ్యత ఎవరిది? అది బయటివాళ్ల చేతిలో వదిలేశాం. వాళ్లు తమకి కావాల్సినట్టు వాడుకున్నారు. ఆ తర్వాత వాడుకున్నారని మళ్లీ ఫిర్యాదు చేశాం.

"శత్రువు చేతికి కర్ర ఇస్తామా?" అన్నది మన మౌనానికి మనం చెప్పుకునే కారణాల్లో అన్నిటికన్నా బలమైంది. దీన్ని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. కానీ మనం ఇవ్వకపోతే శత్రువుకి కర్ర దొరకదా? షాబానో కేసు గుర్తు చేసుకోండి. 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ముసలామెకి అంతకుముందు హైకోర్టు వేసిన భరణం నెలకి 179 రూపాయల 20 పైసలు. ఆ డబ్బు కోసం కాదు, షరీఅత్ కోసమని వీధుల్లోకొచ్చాం. 1986లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. గెలిచామనుకున్నాం. ఆ గెలుపు చూపించి ఎదుటివాళ్లు ఎన్ని ఓట్లు గుంజుకున్నారో అందరికీ తెలుసు. మూడుసార్ల తలాక్ సంగతి మాత్రం మనం తేల్చుకోలేదు. 1966 ఏప్రిల్ 18న బొంబాయిలో హమీద్ దల్వాయ్ వెంట ఏడుగురు ముస్లిం స్త్రీలు తలాక్‌కి వ్యతిరేకంగా వూరేగింపు చేశారు. ఏడుగురే. అప్పట్లో వాళ్లని కౌమ్ ద్రోహులన్నారు. అరవైల్లో ఏడుగురు అడిగినప్పుడు మనమే మనసుపెట్టి తేల్చుకుని వుంటే ఏమయ్యేదో తెలీదు కానీ, తేల్చుకోనందుకు ఏమైందో తెలుసు. 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2019లో మనమంటే ఏమాత్రం ప్రేమలేని ప్రభుత్వం ఆ మాట అన్నందుకే మూడేళ్లదాకా జైలన్న చట్టం తెచ్చింది. భార్యని వదిలేసిన మిగతా మతాల మగవాడికి లేని జైలు మనవాడికి వచ్చింది. ఇది అన్యాయమే. ఈ అన్యాయానికి దారి వేసిన కూలీల్లో మనవాళ్లూ వున్నారు.

'మన సంగతి మనమే' అనే మాట నేను ఇంకొక అర్థంలో అనడం లేదు. ముస్లింలు వెనకబడింది తమ తప్పు వల్లే, పిల్లల్ని మదర్సాలకి పంపి చెడగొట్టుకుంటారు, ఎక్కువమందిని కంటారు అని చెప్పే పెద్దమనుషులున్నారు. వాళ్లకి 2006లో సచార్ కమిటీ అంకెలతో జవాబిచ్చింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకి వెళ్లేది 3 శాతమే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో నూటికి పాతికమంది బడి మొహం చూడనేలేదు, లేదంటే మానేశారు. ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. ఇందులో రాజ్యం చెయ్యాల్సింది ఎంత చెయ్యలేదో స్పష్టంగా వుంది. 2007 మే 18న మక్కామసీదులో బాంబు పేలితే మన కుర్రాళ్లనే పట్టుకెళ్లారు, కొట్టారు, నెలల తరబడి జైల్లో పెట్టారు. తర్వాత కోర్టులు వదిలేశాయి. ఆ కుర్రాళ్లకి వ్యక్తిగత బాధ్యత గురించి పాఠం చెప్పేవాడి నోట్లో గడ్డి పెట్టాలి. వాళ్ల ఒంటి మీద దెబ్బలకి జవాబు చెప్పాల్సింది పోలీసులు, ప్రభుత్వం. అక్కడ ఫిర్యాదు వొక్కటే సరైన భాష. అందులోనూ పనికొచ్చింది ఏ ఫిర్యాదు? తేదీ, స్టేషను, దెబ్బ ఎక్కడ తగిలిందన్నది రాసిపెట్టిన ఫిర్యాదు. పౌరహక్కుల వాళ్లు, వకీళ్లు, ఆ పిల్లల తల్లులు కాగితం మీద పెట్టిన ఫిర్యాదు. 2012లో ప్రభుత్వం వాళ్లకి నష్టపరిహారం ఇవ్వాల్సొచ్చింది అందుకే.

సచార్ కూడా అలాంటిదే. గుండెలు బాదుకోవడాన్ని పట్టికలోకి మార్చిన పుస్తకం అది. మనం దాన్ని ఏం చేసుకున్నాం? తావీజు చేసి మెళ్లో కట్టుకున్నాం. ఏ సభలో చూసినా "సచార్ చెప్పాడు" అంటాం. నూటికి పాతికమంది అన్న లెక్కలో మన గల్లీ పిల్లలెవరో, ఏ మెకానిక్ షెడ్డులో, ఏ బేకరీలో వున్నారో ఆ పుస్తకం చెప్పదు. అది మనమే తిరిగి చూడాల్సిన లెక్క. తావీజు విప్పి లోపలి కాగితం చదివినవాళ్లు తక్కువ.

ఇక జాత్ సంగతి. ఇస్లాంలో కులం లేదని మనం సెక్యులర్ మిత్రులకి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 4 శాతం రిజర్వేషన్ చట్టం తెచ్చినప్పుడు బీసీ-ఇ కింద వొక జాబితా వచ్చింది. ధోబీ ముస్లిం, హజామ్, ఫకీర్, అత్తర్ సాయిబులు, గారడీ సాయిబులు, ఖురేషీ, రోళ్లకి కక్కు కొట్టేవాళ్లు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్, ఇరానీ, బొహరా, ఖోజాలకి ఇది వర్తించదన్నారు. దూదేకుల వాళ్లు అప్పటికే బీసీ-బిలో వున్నారు, మెహతర్లు బీసీ-ఎలో. హైకోర్టు 2010లో చట్టాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. నాకు తెలిసి మన కులాల గురించి ఇంత నిజాయితీగా రాసిన ఇంకో జాబితా తెలుగులో లేదు. గవర్నమెంటు గుమాస్తాకి తెలిసిన సంగతి కవికి తెలీకపోవడం విచిత్రం. దూదేకుల ఇంట్లో పుట్టినవాడు ఉర్దూ రాక, తెలుగే మాట్లాడితే 'వీడు అసలు ముసల్మానేనా' అన్న చూపు ముందుగా ఎక్కడ ఎదురవుతుంది? బ్రాహ్మల అగ్రహారంలో కాదు. మసీదు మెట్ల మీద, సలాంకి ప్రతిసలాం చెప్పే తీరులో ఎదురవుతుంది. మసీదులో భుజం భుజం ఆనించి నమాజు చేస్తాం నిజమే. అదే భుజం వియ్యానికి పనికిరాదు. ఈ ఫిర్యాదు చేసిన దూదేకుల, మెహతర్ రచయితలకి మనం చెప్పిన మాట కూడా తెలిసిందే: "ఇప్పుడు కాదు, ముందు బయటి ప్రమాదం చూద్దాం." దళితులు కులం సంగతి ఎత్తితే ఎర్రజెండా వాళ్లు వొకప్పుడు సరిగ్గా ఇదే మాట చెప్పారు. అప్పుడు మనం నవ్వాం.

ఇప్పుడు ఫిర్యాదుకి వేగం పెరిగింది. ఆ రోజుల్లో కవిత రాసి, కవరులో పెట్టి, పత్రికకి పోస్టు చేసి, అచ్చయిందో లేదో తెలీక నెలలు ఎదురుచూసేవాళ్లు. ఆ ఎదురుచూపులో కవి వొకటికి నాలుగుసార్లు తన మాట తానే వినేవాడు. ఇప్పుడు పొద్దున జరిగిన అన్యాయం మధ్యాహ్నానికి చేతిలో ఫోనులోకి వస్తుంది. సాయంత్రానికి అందరం కోపం తెలియజేసేస్తాం, రాత్రికి ఇంకొకటి వస్తుంది. కోపం పడ్డాం కాబట్టి పని చేశామన్న తృప్తి దొరుకుతుంది. ఇఫ్తార్ దాకా ఆగలేక మధ్యాహ్నమే తినేసినవాడి తృప్తి లాంటిది అది. రోజా పోతుంది, ఆకలి తీరదు.

ఫోను చెడ్డదని నేననడం లేదు. 2021 జులైలో ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి 'వేలం' వేసిన యాప్ వొకటి వచ్చింది. కేసు పెట్టినా నెలల తరబడి ఎవర్నీ అరెస్టు చెయ్యలేదు. 2022 జనవరి 1న ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. ఈసారి ఆ స్త్రీలు తమ పేరుతో, తమ మొహంతో ఫిర్యాదు చేశారు. ఆ నెలలోనే అరెస్టులు జరిగాయి. వాళ్లు వాడింది కూడా ఫోనే, చేసింది కూడా ఫిర్యాదే. కానీ దాని కింద సంతకం వుంది, వెనక కోర్టు వాయిదాలకి తిరిగే ఓపిక వుంది. సంతకం లేని కోపానికి, సంతకం వున్న కోపానికి తేడా అంతా ఇక్కడే వుంది.

సంతకం లేని కోపం మనకి ఫోనుతో వచ్చిన జబ్బేం కాదు. రొకేయా సఖావత్ హుస్సేన్ కథ చూడండి. బెంగాలీ రచయిత్రి. 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది. అది అచ్చయింది మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. ఆ పత్రిక నడిపిన కమలా సత్తియనాథన్ మన రాజమండ్రి ఆడపడుచు, బందరు నోబుల్ కాలేజీలో చదువుకుంది. మగవాళ్లని ఇళ్లలో పెట్టి ఆడవాళ్లు రాజ్యమేలే కథ అది. ఫిర్యాదుకి అంతకన్నా పదునైన రూపం ఇంకేముంటుంది? అక్కడితో ఆగినా చరిత్రలో పేరు నిలిచేదే. 1909లో భర్త పోయాక అతనిచ్చిన డబ్బుతో భాగల్‌పూర్‌లో ఐదుగురు ఆడపిల్లలతో బడి పెట్టింది. బంధువులతో గొడవలై అక్కడ సాగలేదు. 1911లో కలకత్తా వెళ్లి ఎనిమిది మందితో మళ్లీ మొదలుపెట్టింది. ఇక్బాల్ షిక్వా చదివిన ఏడాదే అది. తను రాసేది బెంగాలీ. బడి మాత్రం ఉర్దూలో నడపాల్సొచ్చింది. పిల్లల్ని పంపే పెద్దింటి వాళ్లకి అదే కావాలి. ఇంటింటికీ తిరిగి, బురఖా వేసుకుని, తల్లిదండ్రుల్ని బతిమాలి, పర్దా చెడదని మాటిచ్చి పిల్లల్ని తెచ్చింది. పర్దాని అంతగా ఎగతాళి చేసి రాసిన మనిషి పర్దా వున్న బండి ఏర్పాటు చేసింది.

ఆ బండి సంగతి 1931లో వచ్చిన 'అవరోధవాసిని'లో ఆమే రాసుకుంది. మొదట తెచ్చిన మోటారు బస్సుకి గాలి చొరకుండా అన్నీ మూసేశారు. లోపల చీకటి. పిల్లలకి వాంతులు, కళ్లు తిరగడం. తల్లులు గొడవపెట్టారు. సరేనని జాలీలు తీసి పరదాలు కట్టించింది. వెంటనే ఉత్తరాలు రావడం మొదలైంది. గాలికి పరదాలు ఎగురుతున్నాయి, పిల్లల పర్దా పోతోంది, సరిచేయకపోతే ఉర్దూ పత్రికలకి రాస్తామని. వొక ఉత్తరం కింద పేరు లేదు. 'ఇస్లాంలో మీ సోదరుడు' అన్నట్టుగా వొక సంతకం మాత్రం వుంది. ఆ సోదరుడు ఆ బస్సుకి పైసా ఇవ్వలేదు, వొక పిల్లని పంపలేదు, ఏ పరదా కుట్టించలేదు. ఉత్తరం రాశాడు. పోస్టు చేశాడు. దీన్ కోసం వొక పని చేశానన్న నిండుతనంతో ఇంటికెళ్లి భోజనం చేసి వుంటాడు. మనలో ఎవరు ఆ బస్సులో వున్నాం, ఎవరు ఆ ఉత్తరం రాస్తున్నాం అన్నది ఎవరికివాళ్లు చూసుకోవాలి. ఇద్దరూ కౌమ్ గురించే బాధపడుతున్నారు మరి. రొకేయా 1932లో చనిపోయేదాకా ఆ బడి నడిపింది, రాస్తూనే వుంది. రాతా బడీ వొకదానికొకటి అడ్డం రాలేదు.

సెక్యులర్ పాఠకులు ఇంతవరకూ చదివి సంతోషిస్తూ వుంటే వాళ్లతో రెండు మాటలున్నాయి. మా ఫిర్యాదు కవిత్వానికి మంచి శ్రోతలు మీరే. డిసెంబర్ 6న సభ పెడితే ముందు వరసలో మీరుంటారు. కళ్లు తుడుచుకుంటారు. మా చేత మళ్లీమళ్లీ గాయం విప్పించి చూడడంలో మీకొక శుద్ధి కలుగుతున్నట్టుంది. అదే మేం సయ్యద్‌కీ దూదేకులకీ మధ్య గోడ గురించి రాస్తే 'ఇది మీ అంతర్గత విషయం' అంటారు, లేదా అవసరానికి మించి చప్పట్లు కొడతారు. ఈ రెండూ తప్పించుకునే దారులే. మీ అపార్ట్‌మెంటు సంఘం సాయిబులకి ఫ్లాట్ అద్దెకివ్వొద్దని తీర్మానించుకున్న రోజున మీరు మీటింగులో వున్నారా? వుంటే లేచి నిలబడ్డారా? నాకు మీ నుంచి కావాల్సిన సాహిత్య విమర్శ అంతే. గోడ మీద నినాదం రాసిన చేత్తోనే ఆ మినిట్స్ పుస్తకంలో అసమ్మతి రాయొచ్చు.

మళ్లీ మన ఇంటికొద్దాం. జోడేకీ రకం గురించి కవితలు బోలెడు వున్నాయి. పెళ్లికూతురి తండ్రి ప్లాటు అమ్ముకోవడం, కొడుకు దుబాయ్ నుంచి పంపింది చెల్లి జహేజ్‌కి పోవడం రాశాం. బాగానే రాశాం. కానీ ఆ కవితల్లో తీసుకునేవాడు ఎవరో తెలీదు. 'సమాజం' అంటాం. షరీఅత్ ప్రకారం ఇవ్వాల్సింది మగవాడు, అదీ మెహర్. దేశ చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. 1961 వరకట్న నిషేధ చట్టం ముస్లింల మెహర్‌ని కట్నం నిర్వచనం నుంచి తప్పించింది. అంటే జోడేకీ రకానికి దీన్‌లోనూ చోటు లేదు, చట్టంలోనూ చోటు లేదు. దానికి చోటిస్తున్నది మన ఇళ్లు వొక్కటే. ఇక్కడ నిందించడానికి కరసేవకుడు దొరకడు. జుమ్మా రోజు ఖుత్బాలో ఖౌమ్ తనను తాను మార్చుకోవాలన్న ఆయత్ ఎన్నోసార్లు వింటాం. గడ్డం గురించి, టీవీ గురించి చెప్పి ఆపేస్తారు. జోడేకీ రకం తీసుకున్నవాడి వలీమాకి ఇమామ్‌సాబ్‌కి కూడా దావత్ వుంటుంది కదా.

కవులకి కూడా వుంటుంది. నికాహ్‌నామాలో మెహర్ ఎంతో రాయడానికి గడి వుంటుంది. అది వెంటనే ఇచ్చారా, బాకీ పెట్టారా అన్నదానికీ వుంటుంది. ఎక్కువసార్లు బాకీయే. తెరవెనక చేతులు మారిన జోడేకీ రకానికి గడి లేదు. కిందన ఇద్దరు గవాహ్‌ల సంతకాలుంటాయి. వూళ్లో చదువుకున్నవాడు, నలుగురికీ తెలిసినవాడు, అని ఆ సంతకానికి మనల్నే పిలుస్తారు. రచయితలం కాబట్టి కలం కూడా మన జేబులోనే వుంటుంది. మన తర్వాతి సంకలనానికి కవితలు పంపేవాళ్లంతా కవితతో పాటు వొక చీటీ పంపితే బాగుంటుందని నా ప్రతిపాదన: ఈ ఏడాది ఎన్ని నికాహ్‌లకి గవాహ్‌గా సంతకం పెట్టారు, అందులో జోడేకీ రకం ఎన్నింటిలో ఇచ్చారు, ఆ సంగతి మీకు ముందే తెలుసా. సంపాదకులు ఆ చీటీలు కూడా కవితల పక్కనే అచ్చు వెయ్యాలి, పేర్లతో సహా.